మడి వంటింటి తెర

ఆవిడ పోయిందని తెలిసి మా వీధిలో ముగ్గురు హమ్మయ్య అనుకున్నారు. నాలుగోవాణ్ణి నేను. ఇకమీదట మా ఇంట్లోంచి ఒక పాత చొక్కా బయటికి వెళుతూంటే నా గుండె దడదడలాడదు.

ఎందుకో చెబుతాను. ఏలూరులో మా పక్క వాటాలో ఆవిడ పదేళ్ళు కాపురం ఉంది. కాపురమంటే ఒక్క మనిషే లెండి. మొగుడు పోయాక వచ్చి చేరింది, పిల్లలు లేరు. పేరు చెప్పను. చెబితే అక్కడెక్కడో కూచుని కూడా నామీద పగబట్టగలదు. వీధంతా పిన్నిగారనేది. తెల్లచీర, తలమీద ముసుగు, ముసుగు అంచుకి గుచ్చిన సూది. ఆ సూది బెజ్జంలో దారం లేకుండా నేనెన్నడూ చూడలేదు.

చింకిగుడ్డ అనే మాట ఆవిడ దగ్గర చెల్లేది కాదు. చీరల కొంగులు బొంతలయ్యేవి. రవికల చేతులు తలగడ గలీబుల మీద పువ్వులయ్యేవి. చిరిగిన కోటు జేబులు ముసలాళ్ళకి వక్కసంచులయ్యేవి. ఉయ్యాలకి కట్టే చిలకలు, అద్దానికి వేసే ముసుగు, విసనకర్రకి కుచ్చుల అంచు, గుమ్మానికి వాడిపోయే పనిలేని గుడ్డ మామిడాకుల తోరణం. పుట్టిల్లు కొల్లేటి లంకల్లో. తలగడల్లోకి దూది కొనకుండా అక్కణ్ణించి జమ్ముకంకుల నూగు గోతాలతో తెప్పించి కూరేది. ఒకసారి మేనకోడలి బిడ్డ ఉయ్యాలకని గుడ్డచేపలు ఏడు కుట్టి దోనెలో పట్టుకెళుతూంటే, కొల్లేటి నడిమధ్య ఒక గూడకొంగ వచ్చి వాటిలో పెద్దదాన్ని మింగేసింది. నేను కళ్ళారా చూశాను. కళ్ళారా అంటే, చూసినవాళ్ళని కళ్ళారా చూశాను.

"పాపం, కొంగ చచ్చిపోయిందేమో పిన్నిగారూ" అన్నాను.

"చావదు నాయనా. ఆ చేప అరగదు, కొంగకి ఆకలి వెయ్యదు. బతికినన్నాళ్ళూ మిగతా కొంగలు తింటూంటే చూస్తూ కూచుంటుంది" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహంలో వెలుగు చూడాలి మీరు.

ఇవన్నీ పైపై పనులు. ఆవిడ అసలు విద్య గుమ్మంలో వేసే కాళ్ళపట్టా.

పాత బట్టలకి సత్తుగిన్నెలిచ్చే గంపమ్మి మా వీధికొస్తే, అందరిళ్ళూ తిరిగాక గంప పిన్నిగారి గుమ్మంలో దింపి తీరాలి. పిన్నిగారు ఒక్కొక్క బట్టే పైకెత్తి చూసేది.

"ఇదెవరిదే?"

"మూడో ఇంటి పంతులుగారి లాల్చీ అండి."

"ఆయనా? మొన్న నూతి దగ్గర నేను ఎదురొచ్చానని వెనక్కి తిరిగి ఇంట్లోకెళ్ళి, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాడు. ఇలా పడెయ్."

ఆ లాల్చీ పేలికలై, పేలికలు మూడు పాయల జడై, జడ చుట్టచుట్టుకుని వారం తిరిగేసరికి గుమ్మంలో పడేది. వచ్చేపోయే వాళ్ళందరూ కాళ్ళు తుడుచుకునేవాళ్ళు. పంతులుగారు కూడా తుడుచుకున్నారు, తెలీక. ఆడవాళ్ళు నీళ్ళకి వెళుతూ, "ఈ వారం పిన్నిగారి గుమ్మంలో ఎవరున్నారే?" అని అడుక్కునేవాళ్ళు. చిన్న తప్పుకి పది రోజులు. పెద్ద తప్పుకి వానాకాలం వెళ్ళేదాకా.

నేను కుట్టుమిషన్ల ఏజెంటుని. ఏలూరునించి తణుకుదాకా రైళ్ళలో తిరిగి మిషన్లు అంటగట్టడం నా వృత్తి. ఆ పనిలో నిజమే చెబుతానని కూచుంటే పూట గడవదు. అంచేత నేను చెప్పేదాంట్లో సగం తీసేసి నమ్మమని మా ఆవిడ అందరికీ ముందే చెప్పి ఉంచుతుంది. పిన్నిగారు వచ్చిన కొత్తలో ఆవిడ అరుగుమీదే మిషను దింపి, నలుగురాడవాళ్ళ ఎదట అన్నాను:

"చూడండి పిన్నిగారూ, మీరు నెల్లాళ్ళు కళ్ళు పొడుచుకుని కుట్టే బొంతని ఇది గంటలో కుట్టి పారేస్తుంది."

"గంటలోనే?"

"గంటెందుకండీ, ఇంకా ముందే."

"మరి మిగతా నెలంతా ఎవర్ని తిట్టుకుంటూ కూచోమంటావు నాయనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఊరుకుంటే పోయేది. "అయినా ఈ చేతికుట్టు చూస్తే కాకి గూడు కట్టినట్టుందండీ" అన్నాను.

పదిరోజుల తర్వాత ఏదో పనిమీద వాళ్ళ గుమ్మం ఎక్కబోతూ కిందికి చూద్దును కదా, నీలం చారలు! నా చారల చొక్కా. పెళ్ళిచూపులకి తొడుక్కున్నది. చిరిగిందని మా ఆవిడ దాన్ని గంపమ్మికిచ్చి సత్తుగరిటె తీసుకుంది. లోపల్నించి రెండు కళ్ళు నన్నే చూస్తున్నాయి. ఏం చెయ్యను? ఎడంకాలు శుభ్రంగా తుడుచుకున్నాను. కుడికాలు ఇంకా శుభ్రంగా తుడుచుకున్నాను.

"బురద బాగా లాగుతోందండీ పిన్నిగారూ. నా చొక్కా అంటే తమాషానా మరి!"

ఆవిడ ముసుగు నోటికడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. ఆ సాయంత్రానికి పట్టా తీసేసింది. అప్పణ్ణించి మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఒకరిమీద కోపం వచ్చిందంటే మా అరుగుమీదికొచ్చి కుట్టుకుంటూ చెప్పేది. ఆ మనిషి పేరొచ్చినప్పుడల్లా దారం బిగలాగి పంటితో టప్పున తెంపేది. మా ఆవిడ ఆ తెంపిన ముక్కల్ని ఊడ్చి పోస్తూ, "ఇవాళ పదకొండు సార్లొచ్చిందండీ ఆయన పేరు" అని నాకు చెప్పేది.

ఒక్క పగ మాత్రం గుమ్మంలోకి ఎప్పుడూ రాలేదు. ఏటా భాద్రపదంలో ఆవిడ తాడేపల్లిగూడెం వెళ్ళేది, మరిదిగారింట మొగుడి తద్దినానికి. వెళ్ళేముందు వారం రోజులు ఎవరితోనూ పలికేది కాదు. తిరిగొచ్చాక వారం రోజులు కూనిరాగాలు తీసేది. తద్దినం పెట్టొచ్చి రాగాలు తీసే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

రెండేళ్ళ కిందట సంగతి. తివాచీల ఉన్నికి రంగులద్దే ముసలి సాయిబుగారు ఒక గుడ్డ మడతపెట్టి పట్టుకొచ్చి పిన్నిగారి అరుగుమీద కూచున్నాడు. నేను మా అరుగుమీద మిషనుకి నూనె వేసుకుంటున్నాను.

"ఏవమ్మా, ఏడేళ్ళనించీ ఉతికినా పోని రంగే కావాలన్నారు. ఈసారి నీళ్ళు తగిలితే పోయే రంగు కావాలన్నారు. మా నాయన బతికుంటే నన్ను కర్ర పుచ్చుకుని తరిమేవాడు" అన్నాడు.

"తప్పు నాది, రంగు మీది. మీ నాయనగారికి అలాగే చెప్పండి సాయిబుగారూ."

"ఎవరింట్లో కడతారమ్మా దీన్ని?"

"మా వాళ్ళింట్లోనే."

సాయిబుగారు ఆవిడ మొహంలోకి ఓసారి చూసి లేచి వెళ్ళిపోయాడు.

ఆ వారమే నాకూ గూడెంలో పనిబడింది. "మా మరిదిగారింట్లోనే భోంచేద్దువు గాని, తోడు రా నాయనా" అంది. ఒకే పెట్టెలో ఎక్కాం. బయట వాన. ఒళ్ళో తెల్లటి మూట, దానిమీద రెండు చేతులు.

"ఆ మూటలో ఏముందండీ?"

"మా మరిది పంచె."

భీమడోలులో జనం దిగి మా బల్ల ఖాళీ అయ్యాక తనే మొదలెట్టింది.

మొగుడు పోయిన పదో రోజున, ఆవిడ గదిలో మూల కూచునుంటే తోడికోడలు వచ్చి ట్రంకుపెట్టె తెరిచిందిట. కుంకుమరంగు పెళ్ళిపట్టుచీర పైకి తీసి, "ఇంక నీకెందుకక్కయ్యా ఇది" అందిట. అడగడం కాదు, చెప్పడం. ఆ చీరని నాలుగు ముక్కలు చేసి, రెండు పొరలుగా రెండు రెక్కల తెర కుట్టించి, హాల్లోంచి మడి వంటింట్లోకి వెళ్ళే గుమ్మానికి కట్టించింది. ఆ తోడికోడలికి మడి పిచ్చి. పక్కింటి పిల్లి గోడమీద నడిస్తే గోడ కడిగిస్తుంది. నూలుగుడ్డయితే రోజూ తడిపి ఆరేస్తేగాని మడికి పనికిరాదు. పట్టుకైతే మైల అంటదు, తాకుతూ పోయినా ఫరవాలేదు. అందుకని పట్టు తెర. వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ తెర చూపించి, "మా పుట్టింటివాళ్ళు పెట్టిన చీరండీ, తెర చేశాను" అని చెప్పుకునేది. పిన్నిగారు పక్కనుండగానే.

"చీర పోయినందుక్కాదు నాయనా. నేను కట్టుకుంటానా, పెట్టుకుంటానా? ఆయన నన్ను వెంటబెట్టుకుని బజారంతా తిరిగి ఏరిన చీర. దాన్ని వాళ్ళ పుట్టింటిదంటే, ఇంక ఆయనెప్పుడున్నట్టు, నేనెప్పుడు పెళ్ళాడినట్టు?"

దారం లేదు కాని, పళ్ళు టప్పుమన్నాయి.

ఆ ఏడే ఒక మాసికానికి వెళ్ళినప్పుడు తెర చివర కాస్త పీలికలు లేచింది. "నీ చేతికుట్టు మంచిదిగా, కాస్త బాగుచెయ్యక్కయ్యా" అంది తోడికోడలు. పిన్నిగారు అలాగేనంది. ఏలూరునించి జోడైన పట్టుముక్క తెచ్చి వేస్తానంది. అంతే. ఏటా తద్దినంనాడు పొద్దున్నే తెర విప్పేది. ఒక అర ముక్క అసలు పట్టు తీసి తన మూటలో పెట్టుకునేది. దాని చోట కొత్తది వేసి, కుట్లు కనబడకుండా పైన లతలూ పువ్వులూ కుట్టేది. ఆ కొత్తది ఏమిటనుకున్నారు? "వత్తులకి పనికొస్తుంది, పాత పంచె ఒకటియ్యవయ్యా" అని మరిదినే అడిగి తెచ్చుకున్న పంచె! సాయిబుగారి చేత కుంకుమరంగు అద్దించి, చిక్కటి గంజి పెట్టి, నున్నటి గవ్వతో మూడు రోజులు రుద్దితే మా ఊరి బట్టల షాహుకారు కూడా పట్టే అంటాడు. జరీ అంచుకి బదులు నాటకాలవాళ్ళ కిరీటాల మీది తళుకు.

"ఏడేళ్ళలో ఒక్కసారైనా పట్టుకోలేదా ఆవిడ?"

"అది తెరవంక ఎప్పుడు చూసింది? తెర చూసేవాళ్ళ మొహాల వంక చూస్తుంది."

"మరి మైల గుడ్డ మధ్య తద్దినం..."

"ఛ! ఆయన భోజనానికి అపచారం చేస్తానా? పొద్దున్నే విప్పుతాను, భోక్తలు తిని లేచి వెళ్ళాకే కడతాను. ఆ ఒక్కరోజూ ఆ ఇల్లు మడే. మిగతా రోజులు వాళ్ళ ఖర్మ."

ఉంగుటూరు వరిచేలల్లో నీళ్ళు పెట్టెదాకా వచ్చినట్టు తళతళలాడుతున్నాయి. ఆవిడ మూట ఒళ్ళో ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఎనిమిది అర ముక్కల్లో ఆఖరిది ఆవాళ తీస్తుంది. దాని బదులు వేసేదే పోయే రంగు గుడ్డ.

మరిదిగారింట్లో నన్ను అరుగుమీదే కూచోబెట్టారు. తోడికోడలు లోపల్నించే నన్ను చూసి, "రైల్లో వచ్చారుగా, ఆ చెంబుతో కాళ్ళు కాదు, మోకాళ్ళదాకా కడుక్కోండి" అంది. మిషను ఊసెత్తితే, "తోలుపట్టా తిరిగే యంత్రం మా ఇంట్లోకా!" అంది. నాకూ ఆవిడంటే అప్పుడే మంట పుట్టింది, దాచుకోవడం దేనికి.

భోక్తలు తాంబూలాలు పుచ్చుకుని వెళ్ళాక బంధువులకీ నాకూ హాల్లో విస్తళ్ళు వేశారు. అందరికన్నా ముందు విస్తట్లో మరిదిగారి మేనత్తగారు, డెబ్భై ఏళ్ళ మనిషి, ఏటా ఆ ఇంటినించే ఏడాదికి సరిపడా ఆవకాయ పట్టుకెళ్ళేవారు. పిన్నిగారు తెర కట్టేసి, వెనక గుమ్మంలో గోడకి జారబడి కూచుంది. తోడికోడలు నూతిదగ్గర తడిపి కట్టుకున్న గంధంరంగు నూలుచీరతో, నీళ్ళోడుతూ తెరలోంచి వచ్చింది, గారెల పళ్ళెంతో. వడ్డించి వెనక్కెళ్ళింది. పరవాన్నంతో వచ్చింది. వెళ్ళింది. నెయ్యిగిన్నెతో మూడోసారి వచ్చేసరికి కుడిభుజంనించి నడుందాకా ఎర్రగా, వసంతాలాడి వచ్చినట్టుంది మనిషి.

"అదేమిటే, ఆ భుజం?" అన్నారు మేనత్తగారు.

తోడికోడలు చూసుకుంది. వెనక్కి తిరిగి తెరని చూసింది. తడి తగిలిన చోటల్లా చారలు దిగి, కిందనించి తెల్లటి గుడ్డ బయటపడుతోంది.

"పట్టుకి రంగు పోతుందేమిటే ఎక్కడైనా?"

"పట్టయితే పోదు లెండి అత్తయ్యగారూ" అంది పిన్నిగారు వెనక గుమ్మంలోంచి. "పంచెలైతే పోతుంది."

"ఎవరి పంచెలు?"

"మా మరిదిగారివి. కట్టి, విడిచి, చిరిగినవి."

మరిదిగారి చేతిలో గారె నోటికీ విస్తరికీ మధ్య ఆగిపోయింది.

"ఎన్నాళ్ళనించి?"

"ఇది ఎనిమిదో ఏడండీ."

మేనత్తగారు చెయ్యి విస్తట్లోంచి తీసేశారు. "ఎనిమిదేళ్ళ ఆవకాయే!" అన్నారు.

తోడికోడలు నెయ్యిగిన్నె కింద పెట్టేసి, "అయ్యో, నా పట్టుచీర! నా చీర ఏంచేశావు?" అని గుమ్మం వైపు ఉరికింది.

పిన్నిగారు కూచున్నచోటినించి కదల్లేదు. "ఏ చీర చెల్లెమ్మా? మీ పుట్టింటివాళ్ళు పెట్టిన చీరా? తెర ఎదురుగానే ఉందిగా, విప్పి చూసుకో. అంతా పంచెలే. మీవాళ్ళు పెట్టిందవేనేమో."

"మావాళ్ళు పంచెలు పెడతారా!"

"మరి పట్టు ఎవరు పెట్టారు?"

విస్తట్లోంచి ఎవరూ లేవలేదు. లేస్తే జవాబు వినబడదని నా బాధ. మావాళ్ళు పెట్టారంటే పుట్టింటివాళ్ళు విడిచిన పంచెలు సారె పెట్టినట్టు. కాదంటే ఎవరిదో చెప్పాలి. తోడికోడలు మొగుడి మొహం చూసింది. ఆయన గారెని చూస్తున్నాడు.

"చెప్పవే, ఎవరు పెట్టారు?" అన్నారు మేనత్తగారు.

"అక్కయ్యదండీ" అంది, దోమ పాడినట్టు.

"వినబడలేదు."

"అక్కయ్య పెళ్ళిచీరండీ. బావగారు తెచ్చింది."

పిన్నిగారు లేచి, ముసుగు సర్దుకుని, నావంక తిరిగి, "నాయనా, నాలుగింటి బండికి వేళవుతోందేమో చూడు" అంది. ఆ పూట ఆవిడ తినలేదు. నేను మాత్రం గారెలు వదల్లేదు. బాగున్నాయి. ఆ ఇంట్లో ఆవకాయ జాడీలన్నీ ఆ సాయంత్రమే గుమ్మం బయటికొచ్చాయి. పాలేళ్ళ ఇళ్ళల్లో ఆ యేడంతా పండగేనని తర్వాత విన్నాను. ఒకాయన నాకు రుచి కూడా చూపించాడు.

ఎనిమిది ముక్కల్నీ జోడించి ఆవిడ మళ్ళీ చీర చేసింది. కుట్లు ఎక్కడున్నాయో మా ఆవిడ భూతద్దం పెట్టి వెతికింది, దొరకలేదు. "ఇప్పుడేం చేసుకుంటారు పిన్నిగారూ?" అంటే, "ఉండనీ నాయనా" అనేది.

రెండు నెలల కిందట, మూడు రోజుల జ్వరంతో వెళ్ళిపోయింది. కబురందుకుని మరిదిగారూ తోడికోడలూ మధ్యాహ్నం బండికి దిగారు. తోడికోడలు శవం దగ్గర ముక్కు చీది, సరాసరి ట్రంకుపెట్టె దగ్గరికి వెళ్ళింది. అడుగుదాకా తిరగేసింది. తలగడలు నొక్కి చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అన్నయ్యగారూ, అక్కయ్య పట్టుచీర ఒకటుండాలి. మీకేమైనా తెలుసాండీ?"

నేను ఆవిడ భుజంమీదుగా చూశాను. మా ఆవిడా ఇంకో ఇద్దరూ కలిసి స్నానం చేయించి, తెల్లచీర కట్టి పడుకోబెట్టారు. పాదాల దగ్గర తెల్లచీర ఒక వేలెడు పైకి లేచుంది. కింద కుంకుమరంగు. మా ఆవిడ కూడా అదే చూసినట్టుంది. కాళ్ళ దగ్గర కూచుని, దణ్ణం పెట్టుకున్నట్టు వంగి, తెల్లచీర నెమ్మదిగా కిందికి లాగింది. నాతో ఒక్క ముక్కా చెప్పలేదు మహాతల్లి.

"ఏమోనమ్మా" అన్నాను. "బొంతల పొరల్లో పెట్టి కుట్టేసిందని విన్నాను."

"ఏ బొంతలో?"

"అది మాత్రం ఎవరికీ చెప్పలేదు."

దహనం మరిదిగారే చేశారు. మంట రాజుకున్నాక కాసేపు ఎర్రగా ఏదో మెరిసింది. ఆయన చూశాడో లేదో తెలీదు, తల దించుకున్నాడు. మర్నాడు ఒంటెద్దు బండిమీద పద్నాలుగు బొంతలు స్టేషనుకి వెళ్ళాయి.

మొన్న గూడెంలో పనుండి వాళ్ళింటి మీదుగా వెళ్ళాను. అరుగంతా గుడ్డపీలికలు. మధ్యలో తోడికోడలు, కళ్ళు ఎర్రబడి, వేళ్ళకి పేలికలు చుట్టుకుని, సూదిమొనతో ఒక్కొక్క కుట్టే పైకి లేపుతోంది. మడీ గిడీ ఏమీ లేదు. ఎవరెవరి పాత బట్టలో ఒళ్ళో వేసుకుని కూచుంది.

"ఏడు విప్పానండీ. ఏం కుట్టండీ ఇది, వారానికి ఒకటి కూడా తెమలడం లేదు. ఇంకా ఏడున్నాయి" అంది.

"అయ్యో, తొమ్మిదమ్మా" అన్నాను. "మా ఇంట్లో రెండున్నాయి, మరిచేపోయాను."

మర్నాడు పొద్దున్న బండికి పంపించాను.